కండక్టరమ్మ దేశం

కిందటి వారం చోడవరం బస్టాండులో దేవరాపల్లి బస్సు కోసం నిలబడి ఉంటే వెనక నుంచి ఎవరో భుజం తట్టారు. తిరిగి చూస్తే డ్రైవరు నాయుడు. రిటైరై ఏడాది దాటినా ఖాకీ ప్యాంటు వదల్లేదు.

"మేస్టారూ, మన కండక్టరమ్మ పోనాది. తెలిసిందేటి?"

తెలియదన్నాను. ఎప్పుడని అడిగాను.

"పది రోజులయ్యింది. గుండె. పొద్దున్నే లేచి టీ తాగి, గేదెకి గడ్డేసి, గుమ్మంలో కూకున్నాదట. అంతే. ఆరూ నలభైకి." నాయుడు కళ్ళు తుడుచుకుంటూనే నవ్వాడు. "మొదటి ట్రిప్పు టైము సూడండి. మనిషి ఆఖరికీ లేటవ్వలేదు."

ఆవిడ పేరు నాకు తెలుసు. అయినా ఇక్కడ రాయను. ఆవిడ బస్సులో పన్నెండేళ్ళు తిరిగాను, ఒక్కరు కూడా పేరుపెట్టి పిలవగా వినలేదు. పిల్లా ముసలీ అందరికీ కండక్టరమ్మే. ఇంటి దగ్గర మొగుడు కూడా అలాగే పిలుస్తాడని ఆవిడే చెప్పేది. అందులో ఎంత నిజమో తెలియదు.

నేను దేవరాపల్లి హైస్కూల్లో తెలుగు మాస్టారిని. కాపురం చోడవరంలో. పొద్దున్న ఆవిడ బస్సులోనే వెళ్ళడం, సాయంత్రం వీలైతే ఆవిడ బస్సులోనే రావడం. పొట్టి మనిషి. చీర మీద ఖాకీ కోటు, దానికి ఉండవలసిన నాలుగు గుండీల్లో రెండు. విజిల్ ఊదేది కాదు. బస్సు రేకు మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టి "పోనీ నాయుడూ" అనేది. ఆపాలంటే ఒక దెబ్బ. ఆ దెబ్బకి నిద్రపోయేవాళ్ళు లేచి కూర్చునేవారు, దిగనక్కర్లేనివాళ్ళు కూడా దిగిపోబోయేవారు.

టికెట్టు చేతిలో పెడుతూ ఏదో ఒకటి అడగడం ఆవిడ అలవాటు. "తాతా, మీ ఊళ్ళో సన్నగా పడే వానని ఏటంటారు?" "తుప్పరంటాం." "మరి దానికన్నా సన్నగా పడితే?" తాత ఆలోచనలో పడేవాడు. దిగేటప్పుడు గుర్తొచ్చి మెట్టు మీద నిలబడి చెప్పబోతే, వెనకవాళ్ళు తోసేవారు. ఆవిడ మాత్రం అతన్ని పక్కకి తీసుకుని, ఆ మాట పూర్తిగా విని, ఎరువుల దుకాణం వాళ్ళిచ్చిన పాత డైరీలో రాసుకుని, అప్పుడు రేకు మీద కొట్టేది. డిపోలో లేటు ఎందుకైందని అడిగితే "మాట కోసం ఆగేం" అని చెప్పిందట ఒకసారి. అధికారి అది మెకానికల్ ట్రబుల్ కింద రాసుకున్నాడని నాయుడు చెప్పాడు.

ఆ డైరీలో మాటలతో పాటు కవితలు కూడా ఉన్నాయని చాలాకాలం నాకు తెలియదు. ఆవిడ మాత్రం వాటిని పద్యాలనేది. చక్కెర ఫ్యాక్టరీ నడిచే రోజుల్లో రోడ్డు నిండా చెరకు ట్రాక్టర్లే. వాటి వెనక మా బస్సు పెళ్ళి ఊరేగింపులా నడిచేది. అప్పుడు ఆవిడకి తీరిక. డైరీ తీసి, ఎవరూ అడగకుండానే చదివేది. బాగాలేకపోతే జనం మొహం మీదే చెప్పేవారు. బాగుంటే ఏమీ అనేవారు కాదు, కిటికీలోంచి బయటకి చూసేవారు. ఆవిడకి ఆ తేడా బాగా తెలుసు.

నేనూ కవినే. అంటే, ఆ రోజుల్లో అనుకునేవాణ్ణి. చోడవరంలో మాకో చిన్న సాహితీ సమితి ఉండేది. రిటైరైన హెడ్మాస్టరొకాయన అధ్యక్షుడు, నేను కార్యదర్శిని. ఏదో పోటీకి దేశం మీద కవిత రాయాల్సి వచ్చి బస్సులో కూర్చుని గీకుతున్నాను. ఆవిడ సీటు వెనక నుంచి వంగి చూసింది.

"ఏటి మేస్టారూ రాస్తన్నారు?"

"కవితమ్మా. దేశం మీద."

"సదవండి మరి."

చదివాను. హిమాలయాలు కిరీటం, గంగా యమునలు కంఠహారాలు, మూడు సముద్రాలు పాదాలు కడుగుతూ ఉన్నాయి. నా గొంతు నాకే గంభీరంగా వినిపించింది.

"బాగున్నాది," అంది. కాగితం మీదికి ఇంకాస్త వంగి, "తల కాశ్మీరు, కాళ్ళు కన్యాకుమారి. మరి మన దేవరాపల్లి ఏ బాగమండీ?" అంది.

బస్సంతా ఒక్కసారి మేలుకుంది.

"నడుమయ్యుంటాది," అన్నాడు పాల కేన్ల మనిషి.

"నడుమెలాగవుతాది? నడుం నాగపూర్ దగ్గర ఉంటాది," అన్నాడు ఓ డిగ్రీ కుర్రాడు. మ్యాప్ ప్రకారం వాడు చెప్పిందే రైటు.

వెనక సీట్లోంచి ఒక ముసలమ్మ తాపీగా అంది: "మోకాలయ్యుంటాది బాబూ. అందికే నొప్పెట్టినప్పుడు తప్ప ఎవలూ సూడ్రు."

కండక్టరమ్మ ఆ మాటని డైరీలో ఎక్కించుకుంది. "ఒలమ్మా, నువ్వు మేస్టారి కన్నా పెద్ద కవివే," అంది. నేనూ నవ్వాను, నవ్వక తప్పలేదు. ఆ కవితకి పోటీలో మూడో బహుమతి వచ్చింది. ఆ సర్టిఫికెట్టు మాత్రం ఆవిడకి చూపించలేదు.

తర్వాత ఒక వేసవిలో మా జిల్లా మారిపోయింది. విశాఖపట్నం జిల్లా వాళ్ళుగా పడుకున్నవాళ్ళం పొద్దున లేచేసరికి అనకాపల్లి జిల్లా వాళ్ళమయ్యాం. బస్సులో వారం రోజులు అదే చర్చ. విశాఖ పేరు పోయిందని నేను బాధపడ్డాను. ఏదో పరువు తగ్గినట్టు అనిపించింది. "ఎక్కిన కాడే ఎక్కుతన్నాం, దిగిన కాడే దిగుతన్నాం కదా మేస్టారూ," అందావిడ. "బోర్డు మీద రంగు మారితే మనుషులు మారిపోతారేటి?" నేను వెంటనే పెద్దరికంగా, జిల్లా వేరు, దేశం వేరు అని చెప్పాను. ఆవిడ రేకు మీద రెండు దెబ్బలు కొట్టింది.

ఆ ఏడే వానాకాలంలో జరిగింది ఇంకొకటి చెప్పాలి. చెప్పడం నాకేమీ గొప్ప కాదు, కానీ అది లేకపోతే మిగతాది అర్థం కాదు.

శనివారం మధ్యాహ్నం. సాయంత్రం సాహితీ సమితి మీటింగు ఉందని తెల్ల చొక్కా వేసుకున్నాను. దేవరాపల్లిలో బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. బస్సు కదలబోతుండగా కొండ మీంచి వచ్చిన ఒకావిడ అడ్డాకుల మోపుతో ఎక్కింది. విస్తళ్ళు కుట్టే ఆకులు. చోడవరంలో వ్యాపారికి వేసి రావడానికి వెళుతోంది. మోపు తడిసి నీళ్ళు కారుతోంది. ఆవిడ కూడా తడిసిపోయింది. నా పక్క సీటొక్కటే ఖాళీ. వచ్చి కూర్చుంది, మోపు కాళ్ళ దగ్గర పెట్టుకుంది.

నేను రుమాలు తీశాను. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. చొక్కా వైపు చూసుకున్నాను. అప్పుడు లేచి, ఆవిణ్ణి దాటుకుని, ముందుకు వెళ్ళి కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. అలా లేచి వెళ్ళేవాళ్ళు ఆ బస్సులో రోజూ ఉండేవారు.

కండక్టరమ్మ వచ్చి నా సీట్లో కూర్చుంది, ఆ కొండావిడ పక్కన. అక్కడి నుంచే టికెట్లు కొట్టింది. టికెట్టు కావలసినవాళ్ళు అక్కడికే రావలసి వచ్చింది. నేనూ వెళ్ళాను.

"సోటు బాగున్నాదా మేస్టారూ అక్కడ?" అని అడిగింది. అందులో ఎత్తిపొడుపేమీ లేదు. చోడవరం దాకా నిలబడే వచ్చాను.

స్వాతంత్ర్యం వచ్చి డెబ్బయి అయిదేళ్ళయిన సందర్భంగా మా సమితి కవి సమ్మేళనం పెట్టింది. ఒక చిన్న పుస్తకం కూడా వేద్దామనుకున్నాం. విశాఖపట్నం నుంచి ముఖ్య అతిథి వస్తున్నారు. కండక్టరమ్మ కవిత కూడా వేద్దామని నేనే ప్రతిపాదించాను. అధ్యక్షుడుగారు "కార్మికవర్గం నుంచి ఒకరు ఉంటే బాగుంటుంది" అన్నారు. ఆవిడకి చెబితే మర్నాడే డైరీలోది ఒక కాగితం మీదికి ఎత్తి రాసి ఇచ్చింది.

నీదే దేశమని ఎవలైనా అడిగితే
నాకు నా బస్సే కళ్ళల్లో మెదుల్తాది.
పాల కేన్లోళ్ళు, పాసు పిల్లలు,
నిద్ర తీరని నర్సమ్మ,
కోర్టు వాయిదాకెళ్ళే అన్నదమ్ములు,
ఒకలు ముందు సీట్లో, ఒకలు ఎనక సీట్లో.
కొండోళ్ళెక్కితే ముక్కు ముడిసి పక్కకి జరుగుతారు.
అలాగైనా జరిగేరు గదా అని
ఆకు మోపుతో సహా కూకోబెడతాను.
ఎవలే కులమో, ఎవలే దేవుడో
నా మిషన్లో బొత్తాం లేదు.
ఎక్కడెక్కేరు, ఎక్కడ దిగుతారు,
నానడిగేది ఆ రెండే.
నిండిపోనాదని ఎవలో అరుస్తారు.
జరగండి బాబూ, ఇంకొకలికి సోటున్నాది అంటాను.
జాతీయగీతం వొచ్చు నాకు, నిలబడే పాడతాను.
రోజుకి వందసార్లు పాడేది మాత్రం ఈ మాటే.

మొదటిసారి చదివినప్పుడు నేనూ కిటికీలోంచి బయటకి చూశాను. రెండోసారి చదివినప్పుడు ఎర్ర పెన్ను తీశాను.

నాను అన్నచోట నేను అని రాశాను. ఎవలు ఎవరయ్యారు, సోటు చోటయింది. అచ్చులోకి వెళ్ళే మాట అచ్చ తెలుగులో ఉండాలి కదా, ఆవిడకి మేలే చేస్తున్నాను అనుకున్నాను. ముక్కు ముడిసే మూడు పాదాల దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగింది. అధ్యక్షుడుగారికి చూపించాను.

"పండగ పూట మనని మనం తిట్టుకోవడం ఏమిటయ్యా?" అన్నారు. "దేశం గురించి రాయమంటే ముక్కులూ మోపులూనా? తీసెయ్."

ఆయన అలా అంటారని నాకు ముందే తెలుసు. అందుకే చూపించాను. మూడు పాదాలూ కొట్టేశాను. కవిత మరీ చప్పగా ముగిసినట్టుందని ఆఖర్న "జయమగుగాక భరతావనికి" అని నా సొంత పాదం ఒకటి చేర్చాను. ఆవిడకి చెప్పలేదు. టైము లేదని నాకు నేను చెప్పుకున్నాను. రోజూ రెండుపూటలా కనిపించే మనిషికి చెప్పడానికి టైము లేదు!

సమ్మేళనం ఆదివారం, లైబ్రరీ హాల్లో. రెండు ట్రిప్పుల మధ్య ఖాళీలో ఖాకీ కోటుతోనే వచ్చి వెనక బెంచీ మీద కూర్చుంది. చేతిలో ఆహ్వానపత్రిక, పాత పంచ్ ఉన్నాయి. మిషన్లు వచ్చి ఎన్నో ఏళ్ళయినా, టికెట్టుకి చిల్లు పెట్టే ఆ పంచ్‌ని సంచీలోంచి తీసేది కాదు. మొదటి కవి లేచి హిమాలయాలతో మొదలుపెట్టాడు. వెనక నుంచి టిక్ అని వినిపించింది. రెండో ఆయన గంగ దగ్గరికి వచ్చాడు. టిక్. మూడో ఆవిడ హిమగిరి శిఖరం, గంగా ప్రవాహం రెండూ ఒకే వాక్యంలో పెట్టింది. టిక్ టిక్. అధ్యక్షుడుగారు ఫ్యానేమో అనుకుని పైకి చూశారు.

టీ విరామంలో నా దగ్గరికి వచ్చి కార్డు చూపించింది. జల్లెడలా ఉంది. "హిమాలయాలు ఇరవై మేస్టారూ, గంగ పదకొండు. శారదా నది సున్నా. ఆ నీళ్ళే కదండీ తాగొచ్చేరు అందరూ?"

నేను నవ్వలేకపోయాను. తర్వాత ఆవిడ వంతు. పుస్తకాలు అప్పుడే పంచారు. తన కవిత ఉన్న పేజీ తెరిచి మైకు ముందు నిలబడింది.

"నీది ఏ దేశమని ఎవరైనా ప్రశ్నిస్తే..." అని చదివి ఆగిపోయింది. కళ్ళజోడు పెట్టుకుంది. పేజీ తిప్పి వెనక చూసింది, మళ్ళీ ముందుకి వచ్చింది. వేలితో ఒక్కో పాదం కిందికి జారుతూ వెళ్ళి, మధ్యలో ఒకచోట ఆగింది. అక్కడ ఏం వెతుకుతోందో ఆ హాల్లో నాకొక్కడికే తెలుసు.

"పేరు నాదే ఉన్నాది," అంది మైకులో. జనం నవ్వారు. "బాగున్నాది. గానీ ఇది నాను రాసింది కాదండి. మా తెలుగు మేస్టారు రాసేరు. సప్పట్లు ఆయనకే కొట్టండి."

హాలంతా నావైపు తిరిగి చప్పట్లు కొట్టింది. ముఖ్య అతిథి దాన్ని గురుభక్తి అనుకుని, కదిలిపోయి, నాకు నమస్కారం పెట్టారు. నేను లేచి చేతులు జోడించాను. ఇంకేం చెయ్యను? ఆవిడ వాచీ చూసుకుంది. "ట్రిప్పు టైమయ్యింది, ఒస్తానండి," అని వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి నేను ఆటోలో వెళ్ళడం మొదలుపెట్టాను. షేర్ ఆటోలో ముందు డ్రైవరు పక్కన సగం బయటకి వేలాడుతూ, వానలో. వారం రోజులు. ఏమిటీ కర్మ అని మా ఆవిడ అడిగితే బస్సులో రద్దీగా ఉంటోందన్నాను.

ఎనిమిదో రోజు ఆటో స్టాండు ముందు బస్సు ఆగింది. రేకు మీద ఒక్క దెబ్బ. ఆవిడ మెట్టు మీద నిలబడి ఉంది.

"ఏటి మేస్టారూ, మా బస్సుకి రోగమొచ్చిందేటి? ఎక్కండి."

ఎక్కాను. ఎక్కాక ఆవిడ నన్ను పట్టించుకోలేదు. అందరికీ టికెట్లు ఇచ్చి, లెక్క చూసుకుని, అప్పుడొచ్చి నా పక్కన కూర్చుంది.

"తప్పయిందమ్మా," అన్నాను. "మాటలు దిద్దడం నా అలవాటు. మిమ్మల్ని అడక్కుండా..."

"మాటలు పోనీండి. మీరు బళ్ళో దిద్దినట్టే దిద్దేరు. బాదే అనుకోండి, నా నోరు నాది కాదన్నట్టుంది. అదలాగుంచండి." టికెట్ల మిషన్ ఒళ్ళో పెట్టుకుంది. "మనుషుల్ని దించేసేరేటి మేస్టారూ? టికెట్టు కొన్నాక బస్సులోంచి మనిషిని దించడానికి నాకే హక్కు లేదు. నా పద్యంలోంచి మీరు దించేసేరు. దించేసి, ఆఖర్న మీరెక్కేసేరు, టికెట్టు లేకుండా."

వెనక సీట్లో ఎవరో కిసుక్కుమన్నారు. నాకూ నవ్వొచ్చింది.

"ఆ ముక్కు నాదే కదమ్మా?" అని అడిగాను చివరికి. "ఆ శనివారం..."

ఆవిడ నావైపు వింతగా చూసింది. "ఎవల ముక్కని సూసేను మేస్టారూ? బస్సునిండా ముక్కులే."

అది క్షమించడమో, ఇంకా పెద్ద దెబ్బో ఇప్పటికీ తేల్చుకోలేదు. నా గురించి రాసిందనుకుని భయపడి కొట్టేశాను. ఆవిడకి ఆ రోజు గుర్తే లేదు. అంతమందిలో నేనొకణ్ణి.

పంచగా మిగిలిన పుస్తకాలు నూరు దాకా మా ఇంట్లోనే ఉన్నాయి. ఆవిడ కాగితం దగ్గర పెట్టుకుని, ఉన్నది ఉన్నట్టు నా చేత్తో రాసి, జిరాక్సు తీయించి, ప్రతి పుస్తకంలో ఆ పేజీ మీద అంటించాను. మా ఆవిడ గమ్ము రాసింది. "మీరు చేర్చిన లైనే కదా ముందు మూసేస్తన్నాం, మంచి పనే," అంది. ఆ పుస్తకాలు తీసుకెళ్ళి అధ్యక్షుడుగారికి ఇచ్చాను. ఆయన పేజీ తిప్పి, గోటితో ఆ అతుకు గీకి చూసి, "వచ్చే ఏడు కార్యదర్శిగా ఇంకెవరినైనా చూసుకుందాం" అన్నారు. చూసుకున్నారు కూడా. ఆయన మీద నాకు కోపం లేదు. ఆయనకి దేశమంటే నిజంగానే ప్రేమ. ఏ మరకా లేకుండా, ఇస్త్రీ చేసి బీరువాలో పెట్టుకోవాలని చూసే ప్రేమ.

కండక్టరమ్మకి ఒక పుస్తకం ఇచ్చాను. వేలు పెట్టి పైనుంచి కింద దాకా చదివింది. మధ్యలో ఆగలేదు. మూసి సంచీలో పెట్టుకుంటూ, "గమ్ము ఎక్కువైనాది," అంది. అంతే.

ఆ మరుసటి ఆగస్టు పదిహేనుకి మా బళ్ళో ఎవరిచేతనైనా ఒక కవిత చెప్పించమన్నారు హెడ్మాస్టరు. తొమ్మిదో తరగతిలో రాజులమ్మ అనే పిల్ల ఉండేది. కొండమీది ఊరు, హాస్టల్లో ఉండి చదువుకునేది. మాట్లాడేది తక్కువ గానీ గొంతు ఖంగుమనేది. పుస్తకం ఇచ్చి ఈ కవిత నేర్చుకోమన్నాను. ఇంకేమీ చెప్పలేదు. ఇలా చదువు, అక్కడ ఆగు అని కూడా అనలేదు. దిద్దడం మానేద్దామని ఒట్టు పెట్టుకున్న ఏడాది అది.

కండక్టరమ్మకి ముందే చెప్పాను గానీ, ఆవిడకి ఆరోజూ డ్యూటీయే. తొమ్మిది దాటాక బస్సు మా బడి గేటు ఎదురుగా ఆగింది. "అయిదు నిమిషాలు బాబూ, నా పద్యం సదూతన్నారు" అని ప్రయాణికుల దగ్గర సెలవు తీసుకుని దిగింది. ఆవిడ వెనకే సగం బస్సు దిగింది. పాల కేన్ల మనిషి, ఇద్దరు కూలీలు, ఒక పెళ్ళివారి కుటుంబం ప్రహరీ గోడ పక్కన వరసగా నిలబడ్డారు. నాయుడు స్టీరింగు దగ్గరే కూర్చుని కిటికీలోంచి తల బయటపెట్టాడు.

జెండా ఎగిరింది. హెడ్మాస్టరు మాట్లాడారు. తర్వాత రాజులమ్మ వచ్చి మైకు కిందికి వంచుకుంది. నీదే దేశమని ఎవలైనా అడిగితే, అని మొదలుపెట్టింది. ఆ ఊళ్ళో ఆ మాటలు మైకులోంచి అలా వినడం అందరికీ కొత్త. పిల్లలు మొదట నవ్వారు, తర్వాత మానేశారు. నర్సమ్మ అయింది, అన్నదమ్ములు అయ్యారు.

"మేమెక్కితే ముక్కు ముడిసి పక్కకి జరుగుతారు," అంది రాజులమ్మ. "అలాగైనా జరిగేరు గదా అని, ఆకు మోపుతో సహా కూకుంటాం."

ఒక్కసారి ఉలిక్కిపడ్డాను. పిల్ల ఆపకుండా చివరిదాకా చెప్పి దిగిపోయింది. చప్పట్లు మోగాయి. గోడ పక్క నుంచి ఎవరో ఈల కూడా వేశారు.

బిస్కట్లు పంచుతున్నప్పుడు రాజులమ్మని పిలిచాను. కండక్టరమ్మ అప్పటికే గేటు దాటి లోపలికి వచ్చేసింది. ఎంత ఒట్టు పెట్టుకున్నా ముప్పై ఏళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది?

"రెండు చోట్ల తప్పు చదివావేమమ్మా?" అన్నాను.

పిల్ల బెదిరింది. బిస్కట్టు చేతిలోనే ఉండిపోయింది. "తప్పు కాదండి... కొండోళ్ళెక్కితే అని నానెలాగ సెప్తానండి? ఎక్కేది నానే కదండీ. మాయమ్మా నానే ఎక్కుతాం."

"మరి కూకోబెడతాను అని కదా ఉంది పుస్తకంలో?"

"మమ్మల్ని ఎవలూ కూకోబెట్టరండి. కాళీ ఉంటే మేమే కూకుంటాం."

నేను కండక్టరమ్మ వైపు చూశాను. ఆవిడ పిల్ల మొహంలోకి చూసింది. తర్వాత పెద్దగా నవ్వింది. నవ్వుతూ కోటు చేత్తో కళ్ళు ఒత్తుకుంది.

"కూకోబెట్టేనని ఇన్నాళ్ళూ మురిసిపోయేను మేస్టారూ," అంది. "ఆళ్ళ సీట్లో ఆళ్ళని కూకోబెట్టడానికి నానెవల్ని?"

సంచీలోంచి డైరీ తీసి ఆ పేజీ వెతికింది. ఆ రెండు పాదాల్లో మాటలు తనే కొట్టేసింది, గట్టిగా, రెండేసి గీతలతో. డైరీ, పెన్సిలు పిల్ల చేతికిచ్చింది.

"నువ్వే రాయే గుంటా. నీ రాతే ఉండాల అక్కడ."

బయట నాయుడు హారన్ కొట్టాడు. పెళ్ళివారు ముహూర్తం ముహూర్తం అని అరుస్తున్నారు. "ఉండండి బాబూ, పిల్ల రాస్తన్నాది!" అని ఆవిడ ఇక్కణ్ణుంచే కేకేసింది.

రాజులమ్మ డైరీని గోడకి ఆనించి మొదటి మాట రాసింది. రెండో దాని దగ్గర ఆగి నావైపు తిరిగింది.

"మేస్టారూ, కూకుంటాం అని రాయాలా, కూర్చుంటాం అని రాయాలా?"

"నువ్వెలా అంటావో అలాగే రాయమ్మా," అన్నాను.

పిల్ల మళ్ళీ గోడ వైపు తిరిగింది. పెన్సిలు నొక్కి పట్టుకుని, ఒక్కో అక్షరం పైకి చదువుకుంటూ రాసింది. కూ, కుం, టాం.